‘కతర్తీజో’: బాగుచేయడమా, సిద్ధపరచడమా?

(సంఘ పెద్దలకు, బైబిలు తరగతుల బోధకులకు ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం.)

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాయంకాలం మనం ఒకే ఒక్క గ్రీకు క్రియాపదాన్ని పట్టుకుని కూర్చుందాం. ఆ మాట ‘కతర్తీజో’. క్రొత్త నిబంధనలో ఈ క్రియ 13 సార్లు కనిపిస్తుంది. దాని నుంచి పుట్టిన నామవాచకాలు రెండున్నాయి: ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలో ‘కతర్తిస్మోస్’ ఒకసారి, రెండవ కొరింథీ పత్రిక చివరి అధ్యాయంలో ‘కతార్తిసిస్’ ఒకసారి. మొత్తం కలిపి 15 చోట్లు. ఇంత చిన్న సంఖ్య మనకు ఒక సౌకర్యం, ఎందుకంటే ఏ ఒక్కచోటినీ వదలకుండా అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

అయితే తెలుగు బైబిలు మాత్రమే చదివేవారికి ఇది ఒకే మాట అని తెలిసే దారి లేదు. మీ చేతుల్లో ఉన్న పాత అనువాదాన్నే చూడండి. మత్తయి 4వ అధ్యాయంలో జెబెదయి కుమారులు వలలు ‘బాగుచేసికొనుచుండగా’ అని ఉంది. గలతీయులలో తప్పితములో చిక్కుకున్నవానిని ‘మంచిదారికి తీసికొని రావలెను’ అని ఉంది. ఎఫెసీయులలో పరిశుద్ధులు ‘సంపూర్ణులగునట్లు’. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో విశ్వాసములో ఉన్న ‘లోపమును తీర్చునట్లు’. కొరింథీయులకు ‘సన్నద్ధులై యుండవలెను’. లూకాలో ‘సిద్ధుడైన ప్రతివాడును’. హెబ్రీయులలో ఒకచోట ‘శరీరమును అమర్చితివి’, మరొకచోట ‘మిమ్మును సిద్ధపరచును గాక’. ఇవన్నీ గ్రీకులో ఒకే క్రియకు రూపాలంటే నమ్మగలరా? వల బాగుచేయడానికీ, పరిశుద్ధులు సంపూర్ణులు కావడానికీ మధ్య చుట్టరికం ఉందని తెలుగు పాఠం ఒక్క ముక్క కూడా చెప్పదు.

దీనికి అనువాదకులను తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ మాట ఏ చోట ఏ పని చేస్తున్నదో చూసి, ఆ చోటికి తగిన తెలుగు మాట వారు వేశారు. లాటిన్ బైబిలులో జెరోము కూడా ఇదే చేశాడు. మత్తయిలోని వలలకు ఒక క్రియ, మార్కులోని అవే వలలకు మరొక క్రియ వాడాడు. ఒక భాషలోని ఒక మాటకు మరొక భాషలో ఒకే మాట దొరకాలని నియమం లేదు. కానీ బోధించేవారు మాత్రం ఈ మాటలన్నీ ఒకే చెట్టు కొమ్మలని తెలిసి బోధించాలి. లేకపోతే ‘సంపూర్ణులు’ అనే మాట దగ్గర మనం చాలాకాలంగా చేస్తున్న పొరపాటునే ఇంకా చేస్తూ ఉంటాం. ఆ పొరపాటు ఏమిటో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాను.

ముందుగా ధాతువు సంగతి. ‘కతర్తీజో’లో ఉన్నది ‘ఆర్తియోస్’ అనే విశేషణం. మన తెలుగు ‘ఆర్తి’తో దీనికి సంబంధం లేదు, దయచేసి ఎవరూ ఆ దారిన వెళ్లవద్దు. ‘ఆర్తియోస్’ అంటే సరిగ్గా అమరినది, కుదిరినది. గ్రీకు గణితంలో సరిసంఖ్యను కూడా ఇదే మాటతో పిలిచారు. దీని వెనుక ఉన్న ‘అర్’ అనే మూలానికి కూర్చడం, అతకడం, అమర్చడం అని అర్థం. కీలుకు గ్రీకులో ‘ఆర్త్రోన్’ అని పేరు; కీళ్ల నొప్పులకు డాక్టర్లు చెప్పే ఆర్థ్రైటిస్ అక్కడి నుంచి వచ్చినదే. సంస్కృతంలో సరైన క్రమం అనే అర్థమున్న ‘ఋతము’ కూడా ఈ మూలానికే చెందినదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇదంతా వినడానికి బాగుంటుంది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. 1961లో జేమ్స్ బార్ అనే పండితుడు బైబిలు పదాల అధ్యయనంలో జరుగుతున్న రెండు తప్పులను గట్టిగా ఎత్తిచూపాడు. మాట పుట్టుకను పట్టుకుని అదే దాని అర్థమని చెప్పడం ఒకటి. ఆ మాటకు వేర్వేరు చోట్ల ఉన్న అర్థాలన్నిటినీ మూటగట్టి, ప్రతి వచనం మీదా ఆ మూట మొత్తం దింపడం రెండవది. ‘కతర్తీజో’ మీద చేసే ప్రసంగాలలో ఈ రెండవ తప్పు ఎంత తరచుగా వినబడుతుందో మీకు తెలుసు. ‘ఈ మాటకు వలలు బాగుచేయడం అని అర్థం, విరిగిన ఎముకను కట్టడం అని అర్థం, ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడం అని అర్థం, కాబట్టి ఎఫెసీ సంఘానికి పౌలు ఈ మూడూ చెబుతున్నాడు’ అని మనలో ఎందరం చెప్పలేదు? ఆ మూడు వాడుకలూ నిజమే. కానీ ఒక్కొక్కటీ ఎక్కడ నిజమో చూడాలి.

వలల దగ్గర మొదలుపెడదాం. మత్తయి 4:21, మార్కు 1:19. మొదట ఒక చిన్న సవరణ: వలలు బాగుచేసుకుంటున్నది పేతురు అని చాలామంది చెబుతారు. కాదు. పేతురు, అంద్రెయ ఆ సమయంలో సముద్రంలో వల వేస్తున్నారు. బాగుచేసుకుంటున్నవారు యాకోబు, యోహాను. లూకా 5వ అధ్యాయంలో వలలు కడుగుతున్న దృశ్యం ఉంది కానీ అక్కడి క్రియ వేరు, అది మామూలుగా ఉతకడానికి, కడగడానికి వాడే మాట. మరి దోనెలో కూర్చుని జెబెదయి కుమారులు చేస్తున్న పని ఏమిటి? అవి నార వలలు. రాత్రి వేట ముగిశాక వాటిని కడిగి, ఆరబెట్టి, తెగిన కన్నులు మళ్లీ అల్లి, బెండ్లు, గుండ్లు సరిచూసి, మళ్లీ విసరడానికి వీలుగా మడిచి పెట్టుకోవాలి. దీనిలో ఎంతవరకు మరమ్మతు, ఎక్కడి నుంచి సిద్ధపాటు? చిరుగు కుట్టడం దగ్గర పని ఆగిపోదు, ఎందుకంటే చిరుగు లేని వల కూడా చిక్కుపడి ఉంటే ఆ రాత్రికి పనికిరాదు. ఈ పని మొత్తాన్నీ గ్రీకు ఒకే మాటతో చెబుతుంది. మన ప్రసంగం శీర్షికలో ఉన్న ప్రశ్న, బాగుచేయడమా సిద్ధపరచడమా అనే ప్రశ్న, ఆ దోనెలో కూర్చున్నవారికి అర్థమే అయ్యేది కాదు.

ఇప్పుడు బైబిలు బయటికి ఒక్కసారి వెళ్దాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఈ సంగతి మన ప్రసంగాలలో ఎప్పుడూ రాదు, రావలసినది ఇదే అని నా అభిప్రాయం. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో చరిత్ర రాసిన హెరోడోటస్ మిలేతు పట్టణం కథ ఒకటి చెబుతాడు. మిలేతు అంటే మీకు తెలిసిన ఊరే. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి కన్నీటితో వీడ్కోలు చెప్పిన చోటు. పౌలు కంటే ఎన్నో తరాల ముందు ఆ పట్టణం రెండు తరాలపాటు అంతఃకలహాలతో కుళ్లిపోయింది. చివరికి మిలేతు ప్రజలు గ్రీకులందరిలోనూ పారోస్ ద్వీపవాసులను ఏరి తెచ్చుకుని, మా మధ్య సంధి కుదర్చమన్నారు. ఆ పారోస్ మనుషులను హెరోడోటస్ ఏమని పిలుస్తాడు? ‘కతర్తిస్తేరెస్’. మన మాట నుంచి పుట్టిన పేరే.

వచ్చినవారు ఏం చేశారో వినండి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని విచారణ పెట్టలేదు. ఇళ్లు వాకిళ్లు పాడైపోయి ఉండడం చూసి, ముందు మీ దేశమంతా తిరిగి చూస్తామన్నారు. తిరిగారు. బీడుపడిన ఆ నేలలో ఎక్కడైనా చక్కగా సాగుచేసిన పొలం కనబడితే, దాని యజమాని పేరు రాసుకున్నారు. అలాంటివి కొన్నే దొరికాయి. తిరిగివచ్చి సభ పిలిచి, ఎవరి పొలాలు బాగా సాగయి ఉన్నాయో వారికే పట్టణ పరిపాలన అప్పగించారు. సొంత పొలాన్ని చూసుకున్నట్టే ఊరి వ్యవహారాన్నీ చూసుకుంటారని వారి తర్కం. అంతవరకు కొట్టుకున్న మిగతావారంతా వీరి మాట వినాలని ఆజ్ఞాపించారు. పారోస్ వారు మిలేతు వారిని ఈ విధంగా చక్కదిద్దారు అంటూ హెరోడోటస్ కథ ముగిస్తాడు, ఆ ‘చక్కదిద్దారు’ అనే చోట ఉన్నది మన క్రియే.

ఆయనే మరోచోట, ఆఫ్రికా తీరంలోని కురేనే పట్టణం గురించి ఇలాంటిదే చెబుతాడు. కురేనే కూడా మనకు కొత్త కాదు, సిలువ మోసిన సీమోను ఊరు. అక్కడ రాజుకు కుంటికాలు. ఆ కుంటితనాన్ని చెప్పడానికి హెరోడోటస్ వాడిన మాటలో ‘ఆర్తియోస్’ దాగి ఉంది, పాదాలు సరిగ్గా అమరనివాడు అని. దేశంలో కష్టాలు వచ్చి వారు డెల్ఫీలో దేవవాక్కు అడిగితే, మంతినేయ నుంచి ఒక ‘కతర్తిస్తేర్’ను తెచ్చుకోండి అని జవాబు వచ్చింది. వచ్చినవాడి పేరు దెమోనాక్స్. అతడు జనాన్ని మూడు తెగలుగా సర్ది, రాజుకు కొన్ని భూములు, పూజారి హక్కులు మాత్రం ఉంచి, మిగతా అధికారమంతా ప్రజల మధ్య పెట్టాడు. రాజుగారి కాలు మాత్రం బాగుపడినట్టు లేదు!

ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, చీలిపోయిన సమాజాన్ని మళ్లీ నడిచేలా అమర్చడం అనే అర్థం ఈ మాటకు గ్రీకులో శతాబ్దాల నాటిది. ఇప్పుడు మొదటి కొరింథీ 1:10 తెరవండి. ‘మీలో కక్షలు లేక, యేక మనస్సుతోను ఏకతాత్పర్యముతోను, మీరు సన్నద్ధులై యుండవలెను’ అని పౌలు వేడుకుంటున్నాడు. క్లోయె ఇంటివారు చెప్పిన కబురు ఏమిటి? నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను. ఇది పట్టణ కక్షల భాష. ఇక్కడ ‘కక్షలు’ అన్న మాట గ్రీకులో ‘స్కిస్మత’, చీలికలు; మత్తయి 9వ అధ్యాయంలో పాతబట్టకు పడే చినుగుకూ ఇదే మాట. చినుగు అనగానే మనకు వల గుర్తుకు వస్తుంది, తప్పు లేదు. కానీ కొరింథు పట్టణంలో ఈ ఉత్తరం చదివి వినిపించినప్పుడు, వినేవారి చెవికి వల కంటే ముందు తగిలేది కక్షల పట్టణాన్ని చక్కదిద్దే ఈ అర్థమే అని నేను అనుకుంటాను. ‘సన్నద్ధులై’ అనే తెలుగు మాట మాత్రం మనల్ని యుద్ధానికి తీసుకుపోతుంది. కక్షలున్న సంఘానికి అది కొంచెం ప్రమాదకరమైన అనువాదం అని నవ్వుతూనే అంటున్నాను, కానీ అంటున్నాను.

ఇక వైద్యం సంగతి. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో కుప్ర ద్వీపంలోని కితియోనుకు చెందిన అపొల్లోనియస్ అనే వైద్యుడు, కీళ్ల గురించి హిప్పోక్రటీసు పేరిట ఉన్న గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. కీలు తప్పిన భుజాన్ని తిరిగి దాని స్థానంలో కూర్చోబెట్టడానికి అతడు మన మాటను వాడాడు. ఆ వ్యాఖ్యకు బొమ్మలతో సహా ఒక పాత చేతిరాత ప్రతి ఫ్లోరెన్సు నగరంలోని లారెంటియన్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. కాబట్టి వైద్యపు అర్థం కల్పన కాదు. కానీ క్రొత్త నిబంధనలో ఒక్కచోట కూడా ఈ మాట ఎముక గురించి రాలేదు. ఇది గుర్తుంచుకోండి. గలతీ 6:1 దగ్గరికి రాగానే పుత్తూరు కట్టు గురించి మాట్లాడడం మనకు చాలా సులువు, వినేవారికి కూడా ఇష్టం. విరిగిన చెయ్యి, నొప్పి తెలియకుండా సవరించే నేర్పరి చేతులు, కదలకుండా కట్టు, నయమయ్యే రోజులు. ఆ పోలిక చెప్పండి, వద్దనను. పౌలు చెబుతున్నది అదే అని మాత్రం అనవద్దు. పోలిక మనది, వాక్యం ఆయనది.

మరి ఆ వాక్యంలో ఉన్నది ఏమిటి? నెమ్మదిగా చదువుదాం. ‘సహోదరులారా, ఒకడు ఏ తప్పితములోనైనను చిక్కుకొనినయెడల ఆత్మసంబంధులైన మీలో ప్రతివాడు తానును శోధింపబడుదునేమో అని తన విషయమై చూచుకొనుచు, సాత్వికమైన మనస్సుతో అట్టివానిని మంచిదారికి తీసికొని రావలెను.’ మొదట, ఈ క్రియకు కర్మ ఏది? తప్పితము కాదు, ‘అట్టివానిని’. సంఘంలో తప్పు జరిగినప్పుడు మనం తప్పును విచారిస్తాం, తీర్మానం రాస్తాం, సంతకాలు పెడతాం. పౌలు మనిషిని పట్టుకోమంటున్నాడు. రెండవది, గ్రీకులో ఈ వాక్యం మధ్యలో బహువచనం ఏకవచనంగా మారిపోతుంది. మీరందరూ అతణ్ణి బాగుచేయండి అని మొదలుపెట్టి, నిన్ను నీవు చూసుకో అని ఒక్కొక్కరి వైపు తిరుగుతాడు. మన తెలుగు అనువాదకులు ఈ మలుపును గమనించే ‘మీలో ప్రతివాడు’ అని రాశారు. ఆ జాగ్రత్తకు వారికి నమస్కారం పెట్టాలి. కమిటీగా కూర్చున్నప్పుడు ఎవరికీ తన సంగతి గుర్తుకు రాదు, అందుకే ఆ ఏకవచనం.

మూడవ సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అతణ్ణి బాగుచేయడం దేనికి? ఈ వచనంలో అది చెప్పలేదు. కానీ ఆగకుండా తరువాతి వచనం చదవండి: ‘ఒకని భారముల నొకడు భరించి’. ఈ ‘ఒకని’, ‘ఒకడు’లలో ఎవరెవరున్నారు? పడినవాని భారం మనం మోయడం ఒక్కటే అయితే అది ఏకపక్షం. పౌలు మాట పరస్పరం. అంటే పడి లేచినవాడు కూడా రేపు మన భారం మోసేవాళ్లలో ఒకడు. మన సంఘాలలో జరిగేది ఏమిటి? క్షమించాం అంటాం, లోపలికి రానిస్తాం, వెనుక వరుసలో కూర్చోనిస్తాం. అతడు ఇక ఏ భారమూ మోయనవసరం లేదు, ఏ పనీ అడగడు, మనమూ ఇవ్వము. ఏళ్ల తరబడి అలా కూర్చున్నవారు మీ సంఘంలో ఎవరూ లేరా? వలకు చిరుగు కుట్టి గోడకు తగిలించినట్టు ఉన్నవారు? దానిని క్షమాపణ అనవచ్చు, ‘కతర్తీజో’ అనడానికి మాత్రం వీలు లేదు. అయితే ప్రతి తప్పు తరువాతా ప్రతి మనిషినీ పాత బాధ్యతలోకే తిరిగి పంపాలని ఈ వచనం నుంచి తీయకూడదు. చిన్నవారి పట్ల, బలహీనుల పట్ల నేరం చేసినవాడిని మళ్లీ వారి మీదే కాపరిగా నిలబెట్టడం సాత్వికత కాదు. ఏ పని అనేది వివేచించాలి. ఏ పనీ లేకుండా చేయడం గురించే నేను మాట్లాడుతున్నాను.

ఈ ‘దేనికి’ అనే ప్రశ్నను ఇప్పుడు మిగతా చోట్లకు తీసుకువెళ్దాం, ఎందుకంటే ఈ మాట స్వభావం అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో, ఎజ్రా గ్రంథంలో యెరూషలేము గోడలను, ఆలయాన్ని తిరిగి కట్టే సందర్భంలో ఈ మాట పదేపదే వస్తుంది. కీర్తనలలో అడుగులు స్థిరపరచడానికీ, 68వ కీర్తనలో అలసిన స్వాస్థ్యం మీద వర్షం కురిపించి దేవుడు దానిని ‘బలపరచితివి’ అన్నచోటా ఇదే. పొలీబియస్ అనే చరిత్రకారుడు నౌకాదళాలను సమకూర్చడం చెప్పేటప్పుడూ ఇదే. గోడ ఉన్నది కాపలాకు, ఓడ ఉన్నది ప్రయాణానికి. లూకా 6:40లో ‘సిద్ధుడైన ప్రతివాడును తన బోధకునివలె ఉండును’. సిద్ధుడు అనగానే మనకు కొండ గుహలో కూర్చున్న యోగి కనిపిస్తాడు. లూకా చెప్పినది శిక్షణ పూర్తయిన శిష్యుడిని. ఆ శిక్షణ ఏ దిక్కుకు సాగుతుందో కూడా అక్కడే ఉంది: బోధకునివలె. వెనుక వచనంలో గుడ్డివానికి దారి చూపే గుడ్డివాడున్నాడు కాబట్టి, బోధకుడు ఎవరన్నది చిన్న విషయం కాదు.

రోమా 9:22 కూడా దాటవేయకూడదు. అక్కడ ఉగ్రతాపాత్రమైన ఘటాలు నాశనానికి ‘సిద్ధపడి’ ఉన్నాయి. అదే క్రియ. వాటిని ఎవరు సిద్ధపరిచారు, అవే సిద్ధపడ్డాయా అనే వాదం శతాబ్దాలుగా నడుస్తున్నది. గ్రీకు రూపం రెండింటికీ చోటిస్తుంది, తరువాతి వచనంలో కరుణాపాత్ర ఘటాలకు పౌలు వేరే క్రియ వాడాడు. ఆ వాదంలోకి ఈ రోజు వెళ్లను. మనకు కావలసినది ఒక్కటే: ఈ మాటలో దానంతట అదిగా పవిత్రత ఏమీ లేదు. నాశనానికి కూడా ఒక వస్తువు ‘కతర్తీజో’ కాగలదు. కాబట్టి ‘సంపూర్ణులు’ అనే మాటను విని, పాపం అంటని స్థితి, ఏ లోపమూ లేని పరిపూర్ణత అని అనుకోవడం, మొదట్లో చెప్పిన ఆ పొరపాటు, ఇక్కడ నిలబడదు. లోపం లేకపోవడం ఈ మాట కొలత కాదు. ఉద్దేశించిన పనికి అమరడం దీని కొలత.

ఇప్పుడు ఎఫెసీ 4:12. క్రీస్తు కొందరిని అపొస్తలులనుగా, ప్రవక్తలనుగా, సువార్తికులనుగా, కాపరులనుగా, ఉపదేశకులనుగా ఇచ్చాడు. దేనికి? గ్రీకు వరుసలో చెబితే: పరిశుద్ధుల ‘కతర్తిస్మోస్’ కోసం, పరిచర్య పనికి, క్రీస్తు శరీరపు కట్టుబడికి. మన పాత అనువాదంలో ‘పరిశుద్ధులు సంపూర్ణులగునట్లు’ అనేది ఒక ఉద్దేశం, ‘పరిచర్య ధర్మము జరుగుటకును’ అనేది వేరొక ఉద్దేశంలా వినబడుతుంది. అలా చదివితే పరిచర్య చేసేది ఎవరు? కాపరులు, ఉపదేశకులు. పరిశుద్ధులు సంపూర్ణులై కూర్చుంటారు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో కూడా ఈ రెంటి మధ్య ఒక కామా ఉంది. ఆ కామా ఒక్కటే పాస్టరుగారిని ఒకవైపు, సభను మరొకవైపు నిలబెట్టింది. 1946లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన కూడా ఆ కామాను ఉంచింది. 1971 ముద్రణలో తీసివేసింది. తీసివేయగానే వాక్యం ఏమైంది? పరిచర్య పనికై పరిశుద్ధులను సిద్ధపరచడానికి ఆయన వీరిని ఇచ్చాడు. పని చేసేవారు మారిపోయారు!

కామా ఉండాలని ఇప్పటికీ వాదించే పండితులు ఉన్నారు, వారు తేలికైనవారు కారు. ప్రాచీన చేతిరాత ప్రతులలో విరామ చిహ్నాలు అంతంత మాత్రమే కాబట్టి, కామా మీద ఎవరూ ప్రమాణం చేయలేరు. నా అభిప్రాయం మాత్రం దాచను. గ్రీకులో మొదటి పదబంధానికి ఒక విభక్త్యర్థకం (మన ‘కోసం’, ‘కు’ లాంటి మాట), తరువాతి రెండింటికీ మరొకటి ఉన్నాయి. మూడూ సమానమైన ఉద్దేశాలైతే ఈ మార్పు ఎందుకు? అది ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. కానీ 7వ వచనంలో ‘మనలో ప్రతివానికిని’ కృప ఇయ్యబడింది, 16వ వచనంలో శరీరంలోని ‘ప్రతి అవయవము తన తన పరిమాణముచొప్పున పనిచేయుచుండగా’ ఎదుగుదల వస్తుంది. ముందూ వెనుకా ప్రతివాడు పని చేస్తూ ఉంటే, మధ్యలో అయిదుగురు మాత్రమే పని చేస్తున్నారని చదవడం ఎలా? ఒకవేళ ఎవరైనా ఎముకల పోలికకు ఈ వచనంలో ఆధారం వెదకదలిస్తే, గలతీయులలో కంటే ఇక్కడ కొంత ఉంది, ఎందుకంటే ఇక్కడ నిజంగానే శరీరం గురించి, దాని కీళ్ల గురించి పౌలు మాట్లాడుతున్నాడు. కీలు కుదిరిన చెయ్యి చూడడానికి అందంగా ఉండడానికి కాదు, ఎత్తడానికి.

హెబ్రీ పత్రికలో ఈ మాట మూడుసార్లు వస్తుంది. 11:3లో ప్రపంచములు దేవుని వాక్యం వలన నిర్మాణం కావడం ఒకటి. దానిని ఇక్కడే వదిలేస్తాను. మిగతా రెండూ కలిపి చదవవలసినవి, ఎవరూ కలిపి చదవరు. 10:5లో క్రీస్తు లోకంలోకి వస్తూ ‘నాకొక శరీరమును అమర్చితివి’ అంటాడు. ఇది 40వ కీర్తన. హెబ్రీ మూలంలో ఇక్కడ శరీరం లేదు, చెవులు ఉన్నాయి; గ్రీకు అనువాదంలో శరీరం అని ఉంది, పత్రిక రాసినవారు ఆ గ్రీకు పాఠాన్నే తీసుకున్నారు. ఆ శరీరం దేనికి అమర్చబడింది? రెండు వచనాలు దాటితే జవాబు: దేవా, నీ చిత్తము నెరవేర్చుటకు. ఇప్పుడు పత్రిక చివరికి, 13:21కి వెళ్లండి. గొఱ్ఱెల గొప్ప కాపరిని మృతులలోనుండి లేపిన దేవుడు, తన చిత్తప్రకారము చేయుటకు ‘మిమ్మును సిద్ధపరచును గాక’. అదే క్రియ. ‘చిత్తము చేయుట’ అనే పదబంధం కూడా గ్రీకులో అదే. కుమారునికి శరీరాన్ని అమర్చినప్పుడు ఏ మాట వాడారో, మనల్ని సిద్ధపరచమని ప్రార్థించేటప్పుడూ అదే మాట వాడారు, అదే పని కోసం. తెలుగులో ఒకచోట ‘అమర్చితివి’, మరొకచోట ‘సిద్ధపరచును గాక’ అని ఉండడంతో ఈ పొందిక మన కంటికి ఆనదు. ఈ రెండు వచనాల పక్కన పెన్సిలుతో ఒక గీత గీసుకోండి.

మొదటి పేతురు 5:10 గురించి ఒక్క మాట. ‘కొంచెము కాలము మీరు శ్రమపడిన పిమ్మట, తానే మిమ్మును పూర్ణులనుగాచేసి స్థిరపరచి బలపరచును.’ కొన్ని ప్రతులలో ఇక్కడ నాలుగు క్రియలున్నాయి, కొన్నింటిలో మూడు. మన అనువాదం మూడింటిని అనుసరించింది. వరుసలో మొదటిది మన మాటే. ఇక్కడ గమనించవలసినది కర్త: ‘తానే’. గలతీయులలో ఈ పని మన చేతికి ఇచ్చారు, ఇక్కడ దేవుడు తన చేతిలో ఉంచుకున్నాడు. శ్రమ వల్ల చెదిరినవారికి ఈ మాట చెప్పేటప్పుడు, అది మీ బాధ్యత అన్నట్టు చెప్పవద్దు.

చివరిగా రెండవ కొరింథీ 13. కొరింథువారికి రాసిన మొదటి పత్రిక తొలి అధ్యాయంలో కక్షల గురించి వాడిన మాటనే, ఇన్ని గొడవలు, కన్నీళ్లు, కఠినమైన ఉత్తరాలు అయ్యాక, పౌలు అదే సంఘానికి ముగింపులో మళ్లీ వాడాడు. 9వ వచనంలో నామవాచకం: మీ ‘కతార్తిసిస్’ కోసం ప్రార్థిస్తున్నాము. 11వ వచనంలో క్రియ: ‘సంపూర్ణులైయుండుడి’. ప్రార్థన కూడా అదే, ఆజ్ఞ కూడా అదే. ఆ ఆజ్ఞారూపాన్ని గ్రీకులో రెండు విధాలుగా చదవవచ్చు: మిమ్మల్ని మీరు చక్కదిద్దుకోండి అని ఒకటి, చక్కదిద్దబడడానికి ఒప్పుకోండి అని మరొకటి. వ్యాకరణం ఈ రెంటిలో ఒకదానిని తేల్చదు. నేను రెండవదాని వైపు మొగ్గుతాను, ఎందుకంటే రెండు వచనాల ముందే ఆయన దాని కోసం దేవుణ్ణి అడిగాడు. మొదటిదాని వైపు మొగ్గేవారు ఈ గదిలో ఉంటే వారి కారణాలు వినాలని ఉంది. ఇక ప్రశ్నలు అడగండి.